వడలితేనే పరిమళించే ఆకు: వుడ్‌రఫ్ రుచి వెనుక కథ, కూమరిన్ చుట్టూ గందరగోళం

క్లుప్తంగా: ఐరోపాలో బీచ్ అనే చెట్ల అడవుల నీడలో పెరిగే వుడ్‌రఫ్ అనే చిన్న మొక్క జర్మనీలో వసంతకాలపు పానీయాలకు వందల ఏళ్లుగా రుచినిస్తోంది. ఆ రుచికి మూలం కూమరిన్ అనే పదార్థం. పెద్ద మోతాదులో అది కాలేయానికి హాని చేస్తుందని తేలడంతో పిల్లల మిఠాయిల్లో ఈ ఆకు వాడకాన్ని 1974లో పశ్చిమ జర్మనీ నిషేధించింది. ఆకు పోయినా రుచి పేరు మాత్రం అంగళ్లలో నిలిచే ఉంది. కూమరిన్ వేరు, ఎలుకల మందుగా పేరుపడిన వార్ఫరిన్ వేరు. ఈ రెండింటినీ ఒకటిగా చూడటం వల్లే ఎక్కువ గందరగోళం పుడుతోంది.

ఈ మొక్క గురించి రెండు పొసగని మాటలు ప్రచారంలో ఉన్నాయి. అడవిలో దానంతట అదే మొలిచిన ఆకు కనుక ఏ హానీ ఉండదన్నది ఒకటి. అందులో ఎలుకల మందు ఉంది కనుక ముట్టుకోనే కూడదన్నది రెండోది. రెండూ తప్పే. ఎందుకు తప్పో తెలియాలంటే ముందు ఆ ఆకులో ఏం జరుగుతుందో చూడాలి.

## నీడన పరచుకునే తెల్లపూల మొక్క

వుడ్‌రఫ్ శాస్త్రీయ నామం గేలియం ఒడొరాటమ్. జర్మన్ భాషలో దీన్ని వాల్డ్‌మైస్టర్ అంటారు. ‘అడవికి పెద్ద’ అని ఆ మాటకు అర్థం. పేరు పెద్దదే గాని మొక్క సాధారణంగా జానెడుకు అటూ ఇటూగా ఉంటుంది. నాలుగు పలకల సన్నని కాడ చుట్టూ ఆరు నుంచి తొమ్మిది ఆకులు గొడుగు ఊచల్లా ఒకే చోటు నుంచి విచ్చుకుంటాయి. అలాంటి వలయాలు ఒకదానిపై ఒకటి అంతస్తులుగా పేర్చినట్టు కనిపిస్తాయి. ఏప్రిల్ నుంచి జూన్ వరకు కొనన నాలుగు రేకుల బుల్లి తెల్లపూలు గుత్తులుగా పూస్తాయి. కాయలకు కొక్కేల్లాంటి నూగు ఉంటుంది. అవి జంతువుల బొచ్చుకు, మనుషుల బట్టలకు అంటుకొని దూరం ప్రయాణిస్తాయి. నేలలో పాకే సన్నని వేరుకాడల వల్ల ఒక్క మొక్క కొన్నేళ్లలో చెట్ల కింద తివాచీలా పరచుకుంటుంది.

కాఫీ మొక్క, మంజిష్ఠ తీగ ఉన్న రూబియేసీ కుటుంబమే దీనిదీ. గేలియం అన్న పేరు పాలు అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చింది. ఇదే ప్రజాతిలోని పసుపు పూల మొక్క ఒకదాన్ని పూర్వం చీజ్ తయారీలో పాలు విరగబెట్టడానికి వాడేవారు.

మధ్య ఐరోపా అడవులతో వుడ్‌రఫ్ బంధం చాలా గట్టిది. సారమున్న నేలల్లో పెరిగే ఒక రకం బీచ్ అడవికి వృక్షశాస్త్రజ్ఞులు ఈ మొక్క పేరే పెట్టారు. ఐరోపా సమాఖ్య సహజ ఆవాసాల జాబితాలో 9130 నంబరు కింద ఉన్న అడవి రకం పేరులోని ‘ఆస్పెరులో’ అన్న మాట వుడ్‌రఫ్ పాత పేరే. మొక్కలకు శాస్త్రీయ నామాల పద్ధతిని స్థిరపరచిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ దీన్ని ఆస్పెరులా ఒడొరాటా అని పిలిచాడు. ఆ తర్వాత గేలియం ప్రజాతిలో చేర్చారు. కొత్త పేరు స్థిరపడినా అడవికి మాత్రం పాత పేరే మిగిలింది.

## పచ్చి ఆకుకు వాసన ఎందుకు ఉండదు?

అప్పుడే తెంపిన వుడ్‌రఫ్‌ను ముక్కు దగ్గర పెట్టుకుంటే మామూలు పచ్చి ఆకు వాసన తప్ప దాదాపు ఏమీ తెలియదు. దాన్నే కొన్ని గంటలు నీడలో వడలనిస్తే ఆరిన పచ్చగడ్డి, వెనిల్లా, కాస్త చేదుబాదం కలిసినట్టున్న తీయని పరిమళం లేస్తుంది. పుదీనా, తులసి, కొత్తిమీర తీరు ఇందుకు పూర్తిగా వేరు. వాటి సుగంధ తైలం ఆకులో సిద్ధంగా ఉంటుంది. వేలితో నలిపితే చాలు వాసన వస్తుంది, ఎండేకొద్దీ తగ్గిపోతుంది. వుడ్‌రఫ్‌లో పరిమళం ముందుగా ఉండదు, ఆకు వడలుతున్నప్పుడు తయారవుతుంది.

ఇందుకు కారణం కణాల లోపలి ఏర్పాటు. బతికున్న ఆకులో కూమరిన్‌కు ముందు రూపమైన ఒక ఆమ్లం చక్కెరతో జతకట్టి, వాసన లేని గ్లైకోసైడుగా కణంలోని రిక్తిక అనే సంచిలాంటి అరలో నిల్వ ఉంటుంది. ఆ జతను విడదీయగల బీటా గ్లూకోసిడేజ్ అనే ఎంజైము దానికి దూరంగా మరో చోట ఉంటుంది. ఆకు వడలినా, నలిగినా, మంచుకు గడ్డకట్టినా కణాల పొరలు చిట్లి ఆ రెండూ కలుస్తాయి. చక్కెర ఊడిపోతుంది. మిగిలిన ఆమ్లం తనంతట తానే వలయంగా ముడుచుకుని కూమరిన్ అవుతుంది. ఆవాలు నూరినప్పుడే ఘాటు పుట్టడం, ఉల్లిపాయ కోసినప్పుడే కళ్లు మండటం కూడా ఇలాంటి ఏర్పాటు ఫలితాలే. వేర్వేరు గదుల్లో ఉన్న రెండు పదార్థాలు గోడ కూలాక కలుస్తాయి.

వుడ్‌రఫ్ వంటకాల్లో ఆనవాయితీగా వస్తున్న నియమాలన్నింటికీ మూలం ఈ రసాయన చర్యే. ఆకును పూతకు ముందు కోయాలంటారు. పూత మొదలయ్యాక కూమరిన్ శాతం పెరుగుతుందని, పానీయం ఘాటెక్కి చేదు దిగుతుందని ఇందుకు చెప్పే కారణం. కోశాక కొన్ని గంటలు, లేదా ఒక రాత్రంతా వడలనివ్వాలంటారు. తొందరగా కావాలంటే కాసేపు ఫ్రీజర్‌లో పెట్టి తీసినా సరిపోతుంది. మంచు స్ఫటికాలు కణాలను చీలుస్తాయి కనుక ఫలితం ఒకటే. రసాయన శాస్త్రం పుట్టకముందే వంట చేసేవారు చేతి అనుభవంతో ఇక్కడికి చేరుకోవడం నిజంగా మెచ్చుకోదగిన విషయం.

## మే నెల పాత్రలో మూడు గ్రాములు

నేటి జర్మనీలోని ప్రూమ్ మఠానికి చెందిన బెనెడిక్టైన్ సన్యాసి వాండల్‌బెర్ట్ 854లో వుడ్‌రఫ్ కలిపిన వైన్ గురించి ప్రస్తావించినట్టు చెబుతారు. అప్పట్లో దాన్ని గుండెకు, కాలేయానికి బలమిచ్చే మందుగా భావించారు. కాలేయం పేరు చెప్పి తాగిన పానీయమే వెయ్యేళ్ల తర్వాత కాలేయం పేరుతోనే అనుమానాల పాలైంది. మందుగా మొదలైన ఆ పానీయం కాలక్రమంలో వసంతపు వేడుకగా మారింది. జర్మనీలో దాన్ని మైబోలె అంటారు. బెల్జియంలోని ఆర్లోన్ పట్టణంలో మైట్రాంక్ అన్న పేరుతో ఇలాంటిదే తయారుచేసి మే నెలలో ఉత్సవం జరుపుతారు.

తయారీ సులభం. వడలిన రెమ్మలను చిన్న కట్టగా కట్టి, తెల్ల వైన్ ఉన్న పెద్ద పాత్రలో తలకిందులుగా వేలాడదీస్తారు. కోసిన కాడల చివరలు వైన్‌లో మునగకూడదు, మునిగితే చేదు దిగుతుంది. అరగంట కాగానే కట్ట తీసేస్తారు. చక్కెర, నిమ్మ లేదా నారింజ ముక్కలు, చివర్లో నురుగు వైన్ చేరుస్తారు. పాలలో, మీగడలో నానబెట్టి పాయసం వంటి తీపి వంటకాలకూ ఇదే పరిమళం పట్టించవచ్చు.

ఎంత ఆకు వేయాలన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. లీటరు పానీయానికి సుమారు 3 గ్రాముల తాజా ఆకు మించకూడదన్నది జర్మనీలో విస్తృతంగా చెప్పే సూచన. దీని వెనుక చిన్న లెక్క ఉంది. ఎండిన వుడ్‌రఫ్‌లో కూమరిన్ బరువు దాదాపు ఒక శాతం. 3 గ్రాముల తాజా ఆకు ఎండితే ముప్పావు గ్రాముకు మించి మిగలదు. అంటే అందులోని కూమరిన్ ఏడెనిమిది మిల్లీగ్రాములకు లోపే. అరగంటలో అంతా వైన్‌లోకి దిగదు కనుక లీటరుకు సుమారు 5 మిల్లీగ్రాములు అనుకోవచ్చు. 200 మిల్లీలీటర్ల గ్లాసులో అది ఒక్క మిల్లీగ్రాము. అదే గుప్పెడు ఆకును రాత్రంతా నానబెడితే లెక్క పూర్తిగా మారిపోతుంది. తలనొప్పి వస్తుందన్న ఫిర్యాదు కూడా అలా మోతాదు మించినప్పుడు వినిపించేదే. అందులో వైన్ వాటా ఎంతో, ఆకు వాటా ఎంతో విడదీయడం మాత్రం కష్టం.

## అడవి నుంచి ప్రయోగశాలకు

కూమరిన్‌ను తొలిసారి వేరుచేసింది వుడ్‌రఫ్ నుంచి కాదు. దక్షిణ అమెరికాకు చెందిన టోంకా గింజల నుంచి 1820లో దాన్ని తీశారు. ఆ చెట్టుకున్న స్థానిక నామం ‘కుమారు’ నుంచే పదార్థానికి పేరు వచ్చింది. 1868లో ఇంగ్లండ్ రసాయన శాస్త్రవేత్త విలియం పెర్కిన్ దాన్ని ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేశాడు. 1882లో పారిస్‌కు చెందిన హూబిగాంట్ సంస్థ విడుదల చేసిన ‘ఫుజేర్ రోయాల్’ అత్తరులో ఆ కృత్రిమ కూమరిన్ కీలకం. ఆధునిక పరిమళ ద్రవ్యాల చరిత్రలో దాన్ని ఒక మలుపుగా లెక్కిస్తారు.

ఇక్కడే కథ దారి మార్చింది. అడవిలో ఆకు కోసుకునేవారికి కూమరిన్ ఏడాదికి కొన్ని వారాలే అందేది, అదీ కొద్దిగా. కర్మాగారంలో తయారయ్యాక అది చౌకగా, కావలసినంత, ఏడాది పొడవునా దొరకసాగింది. అప్పటివరకు ప్రకృతి విధించిన రెండు హద్దులు, రుతువు, పరిమాణం, ఒక్కసారిగా తొలగిపోయాయి. వెనిల్లా రుచికి తోడుగా, పొగాకుకు సువాసనగా, మిఠాయిల్లో, చాక్లెట్లలో కూమరిన్ వాడకం పెరిగింది. రోజూ, అనేక రూపాల్లో కడుపులోకి చేరే పదార్థాన్ని ఏడాదికోసారి తాగే పానీయంలో ఉన్నదానితో సమానంగా చూడలేం. తర్వాత వచ్చిన చట్టాలన్నీ నిజానికి ఈ మార్పుకు స్పందనలే.

## నిషేధాలు దేన్ని ఆపాయి?

ఎలుకలకు, కుక్కలకు కూమరిన్ పెద్ద మోతాదులో పెట్టినప్పుడు కాలేయం దెబ్బతినడం గమనించి, అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 1954లో ఆహారంలో దాని వాడకాన్ని నిషేధించింది. అమెరికాలో వుడ్‌రఫ్ ఆకును నేటికీ మద్యపానీయాల్లో రుచి కోసం మాత్రమే అనుమతిస్తారు. పశ్చిమ జర్మనీ 1974లో మరో కోణం నుంచి వచ్చింది. పిల్లలు ఎక్కువగా తినే మిఠాయిలు, నురుగు షర్బత్ పొడి, లెమనేడ్ వంటి పారిశ్రామిక ఉత్పత్తుల్లో వుడ్‌రఫ్ వాడకాన్ని ఆపింది. ఐరోపా సమాఖ్య 2008 నాటి 1334 నంబరు నిబంధన ప్రకారం కూమరిన్‌ను విడిగా ఆహారంలో కలపకూడదు. మసాలా దినుసుల ద్వారా సహజంగా చేరే కూమరిన్‌కు కొన్ని తయారీ ఆహారాల్లో పరిమితులు ఉన్నాయి. దాల్చిన చెక్క వేసినట్టు పేరులో చెప్పే సంప్రదాయ, పండుగ రొట్టెలకు కిలోకు 50 మిల్లీగ్రాములు, అల్పాహార ధాన్యాలకు 20, ఇతర తీపి రొట్టెలకు 15, డెజర్టులకు 5.

ఎలుకల మీద చేసిన పరీక్షలు మనుషులకు ఎంతవరకు వర్తిస్తాయన్నది చాలాకాలం చర్చనీయాంశమైంది. మనుషుల్లో ఎక్కువమంది కాలేయంలో సీవైపీ2ఏ6 అనే ఎంజైము కూమరిన్‌ను హాని లేని రూపంలోకి మార్చి మూత్రం ద్వారా బయటకు పంపిస్తుంది. ఎలుకల్లో ఆ దారి బలహీనం. అక్కడ కూమరిన్ వేరే దారిలో విచ్ఛిన్నమై కాలేయ కణాలను గాయపరిచే పదార్థంగా మారుతుంది. ఇంతవరకే అయితే భయపడాల్సింది ఉండేది కాదు. కానీ లింఫు ద్రవం నిలిచి కాళ్లూ చేతులూ వాచే జబ్బుకు కూమరిన్‌ను పెద్ద మోతాదులో మందుగా ఇచ్చినప్పుడు కొద్దిమంది రోగుల్లో కాలేయ సమస్యలు కనిపించాయి. మందు ఆపాక చాలావరకు తగ్గాయి. ఆ కొద్దిమంది ఎవరో ముందుగా గుర్తించే సులువైన దారి లేదు.

అందుకే ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2004లో అలాంటి సున్నిత శరీరులను కూడా దృష్టిలో పెట్టుకుని పరిమితి నిర్ణయించింది. శరీర బరువు కిలోకు రోజుకు 0.1 మిల్లీగ్రాము. 60 కిలోల మనిషికి అది 6 మిల్లీగ్రాములు, 15 కిలోల పసివాడికి ఒకటిన్నరే. జర్మనీ పెద్దల పానీయాన్ని వదిలి పిల్లల మిఠాయిలను ఎందుకు పట్టుకుందో ఈ ఒక్క తేడాతో తెలుస్తుంది. ఈ పరిమితి జీవితాంతం ప్రతిరోజూ తీసుకున్నా ఫరవాలేని మోతాదు. ఒకటి రెండు వారాల పాటు అంతకు మూడు రెట్లు తీసుకున్నా ఆందోళన అవసరం లేదని అదే సంస్థ 2008లో స్పష్టం చేసింది. కాబట్టి మే నెలలో ఒకటి రెండు గ్లాసుల మైబోలె తాగే ఆరోగ్యవంతుడైన పెద్దమనిషికి కూమరిన్ గురించిన భయం పెద్దగా అక్కర్లేదు. అందులోని మద్యం గురించే ఎక్కువ ఆలోచించాలి.

దాల్చిన చెక్కతో పోల్చి చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. బజారులో ఎక్కువగా దొరికే కాసియా రకం దాల్చిన చెక్కలో కిలోకు సగటున 3 గ్రాముల కూమరిన్ ఉంటుంది. సిలోన్ రకంలో దాదాపు ఉండదు. అంటే 2 గ్రాముల కాసియా పొడితోనే 60 కిలోల మనిషి రోజు పరిమితికి చేరుకుంటాడు. 2006లో క్రిస్మస్ ముందు జర్మనీలో దాల్చిన బిస్కెట్ల మీద పెద్ద చర్చ జరిగింది ఇందుకే. నిజాయితీగా చూస్తే, కూమరిన్ విషయంలో జాగ్రత్తపడదలచినవారు ముందు చూడాల్సింది రోజూ వాడే మసాలా డబ్బా. అడవిలోని ఆకు ఆ తర్వాత.

## ఎలుకల మందు అన్న మాట ఎక్కడ నుంచి వచ్చింది?

1920ల్లో కెనడాలోనూ అమెరికా ఉత్తర రాష్ట్రాల్లోనూ పశువులు అంతుబట్టని రక్తస్రావంతో చనిపోయాయి. కొమ్ములు కోసినా, చిన్న గాయమైనా రక్తం ఆగేది కాదు. బూజు పట్టిన స్వీట్ క్లోవర్ మేత తిన్న మందల్లోనే ఇలా జరుగుతోందని కెనడా పశువైద్యుడు ఫ్రాంక్ స్కోఫీల్డ్ గుర్తించాడు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ పాల్ లింక్ బృందం ఏళ్ల తరబడి శ్రమించి, 1939లో ఆ మేత నుంచి డైకూమరాల్ అనే పదార్థాన్ని వేరుచేసింది.

స్వీట్ క్లోవర్‌లోనూ వుడ్‌రఫ్‌లో ఉన్న కూమరినే ఉంటుంది. అది మేతలో ఉన్నంత మాత్రాన రక్తం పలచబడదు. సరిగా ఆరని గడ్డిలో బూజు పెరిగినప్పుడు ఆ శిలీంధ్రాలు కూమరిన్‌కు ఒక నిర్దిష్ట స్థానంలో హైడ్రాక్సీ సమూహాన్ని, అంటే ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ పరమాణువుల జతను, తగిలిస్తాయి. అలా మారిన అణువులు రెండు కలిస్తే డైకూమరాల్. రక్తం గడ్డకట్టడానికి అవసరమైన కె విటమిన్ పనిని అడ్డుకునేది ఈ మారిన అణువే. దాని నమూనాగా లింక్ బృందం తయారుచేసిన మరో పదార్థం వార్ఫరిన్. అది 1948లో ఎలుకల మందుగా బజారుకు వచ్చింది, 1954లో మనుషులకు మందుగా అనుమతి పొందింది. 1955లో గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు కూడా దాన్ని ఇచ్చారు.

చూడండి, 1954లో ఒకే దేశంలో కూమరిన్ ఆహారం నుంచి బయటకు పోయింది, దాని వారసుడు వార్ఫరిన్ ఆసుపత్రిలోకి వచ్చింది. పేర్ల పోలిక, కాలాల పోలిక కలిసి రెండింటినీ జనం మనసులో ఒకటిగా ముద్ర వేశాయి. నిజానికి ఒకదాని వల్ల ముప్పు కాలేయానికి, రెండోదాని ప్రభావం రక్తం మీద. అయితే ఈ చరిత్ర నుంచి పనికొచ్చే జాగ్రత్త ఒకటుంది. వుడ్‌రఫ్‌ను ఎండబెట్టి దాచుకునేవారు గాలి తగిలే నీడలో త్వరగా, పూర్తిగా ఆరబెట్టాలి. బూజు వాసన వస్తే కట్ట మొత్తం పారేయాలి. రక్తం పలచబరిచే మందులు వాడేవారు, కాలేయ జబ్బు ఉన్నవారు, గర్భిణులు దీనికి దూరంగా ఉండటమే మంచిది.

## ఆకు లేని ఆకుపచ్చ

నిషేధం తర్వాత మిఠాయి తయారీదారులు రుచిని వదులుకోలేదు. కూమరిన్‌కు దగ్గరి పోలిక ఉన్న 6-మిథైల్ కూమరిన్ వంటి కృత్రిమ రుచి పదార్థాలతో దాన్ని మళ్లీ కట్టారు. జర్మనీలో వాల్డ్‌మైస్టర్ పేరుతో అమ్మే జెల్లీ, ఐస్‌క్రీమ్, షర్బత్ పొడి మెరిసే ఆకుపచ్చ రంగులో ఉంటాయి. బెర్లిన్‌లో పుల్లని గోధుమ బీరు బెర్లీనర్ వైసెను ‘ఎరుపు కావాలా, ఆకుపచ్చ కావాలా’ అని అడిగి ఇస్తారు. ఎరుపు రాస్ప్‌బెర్రీ సిరప్, ఆకుపచ్చ వాల్డ్‌మైస్టర్ సిరప్.

ఆ పచ్చదనం ఆకుది కాదు, కలిపిన రంగులది. అసలు ఆకు నానిన వైన్ లేత పసుపు రంగులోనే ఉంటుంది. రుచిలోనూ తేడా ఉంది. కృత్రిమ రుచి తీపిగా, సూటిగా తగులుతుంది. ఆకులోని పచ్చిదనం, తేలికపాటి చేదు, ఎండుగడ్డి ఛాయ అందులో ఉండవు.

చట్టం ఆరోగ్యం వరకు తన పని తాను సరిగానే చేసింది. దాని ఫలితంగా మాటకూ వస్తువుకూ మధ్య ఎడం వచ్చింది. 1974 తర్వాత పెరిగిన తరాలకు వాల్డ్‌మైస్టర్ అంటే మొదట గుర్తొచ్చేది ఒక రంగు, ఒక సిరప్. అడవి ఆకులను ఏరుకునే ఆసక్తి తిరిగి పెరుగుతున్న కొద్దీ ఆ మొక్కను నేరుగా వెతికేవారూ పెరుగుతారు. వారికి పోలిక మొక్కలతో చిక్కు ఉంది. గేలియం ప్రజాతిలో వలయాకారపు ఆకులున్న మొక్కలు చాలానే ఉన్నాయి. వాటిలో అడవిలోనే పెరిగే గేలియం సిల్వాటికమ్‌కు గుండ్రటి కాడ ఉంటుంది, వుడ్‌రఫ్ కాడ నాలుగు పలకలుగా ఉంటుంది. ఇంకా అనుమానం ఉంటే ఒక రెమ్మ తెంపి జేబులో వేసుకుని రెండు మూడు గంటలు ఆగాలి. వుడ్‌రఫ్ అయితే ఈలోగా జేబంతా ఎండుగడ్డి వాసన పట్టేస్తుంది.